మూడు పాలెట్ల ఎత్తు

ఫిబ్రవరి 3, మధ్యాహ్నం

గోడౌన్ వెనక ఖాళీ స్థలంలో లంచ్ టైమ్‌లో ఎవరో సైకిల్ తొక్కుతున్నారని కంప్లైంట్. వెళ్ళాను. తొక్కడం కాదు, గెంతడం. ఫోర్క్‌లిఫ్ట్ నడిపే ఆవిడ, అందరూ పెద్దక్క అంటారు, యాభై రెండేళ్ళ మనిషి, సామాను పేర్చే చెక్క పాలెట్ల మీద సైకిల్‌తో సహా నిలబడి ఉంది. సైకిల్‌కి సీటు లేదు. ఎవరైనా కొట్టేశారా, పోలీసులకి చెప్పారా అని అడిగాను. దీనికి సీటు ఉండదు సార్, కూర్చునే పని లేదు అంది. ట్రయల్స్ అంటారట. కాలు కింద పెట్టకుండా బండల మీదా దిమ్మెల మీదా ఎక్కడం, దిగడం. పాతికేళ్ళుగా చేస్తోందట.

నేను ఈ గోడౌన్‌కి సేఫ్టీ ఆఫీసర్‌ని. నోటీస్ రాయడానికి పెన్ తీశాను. ఎంత ప్రమాదమో ఒకసారి ఎక్కి చూసి రాయండి సార్, చూడకుండానే సంతకం పెట్టేస్తారా అంది. మామూలుగానే అంది. నాకు మాత్రం చెమట పట్టింది. నోటీస్ రాయకుండా వచ్చేశాను.

ఫిబ్రవరి 4

ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను.

పోయిన జూన్‌లో నలభై మంది ముందు నిచ్చెన జాగ్రత్తల మీద డెమో ఇచ్చాను. ఎప్పుడూ మూడు చోట్ల ఆని ఉండాలి అని చెబుతూ, మూడు అంటే ఎంతో చూపించడానికి వేళ్ళు ఎత్తాను. నాలుగో మెట్టు మీద నుంచి పడ్డాను. మణికట్టు విరిగింది. చప్పట్లు కూడా కొట్టారు, డెమోలో భాగం అనుకుని.

అప్పట్నుంచి స్టూల్ కూడా ఎక్కలేకపోతున్నాను. ఇంట్లో బల్బులు మా ఆవిడే మారుస్తోంది. అది పరవాలేదు. కానీ గోడౌన్‌లో పై ర్యాక్‌లు ఉన్నాయి. నెలకోసారి ఇనుప నిచ్చెన ఎక్కి, దూలాల్ని పట్టి ఉంచే పిన్నులు సరిగ్గా ఉన్నాయో లేదో చూసి సంతకం పెట్టాలి. జూలై నుంచి కింద నిలబడి బైనాక్యులర్‌తో చూసి పెడుతున్నాను. ఏడు సంతకాలు. ఏం చూస్తున్నారని ఒకసారి ఎవరో అడిగితే పావురాలు అన్నాను. అప్పట్నుంచి పావురాల కంప్లైంట్లన్నీ నాకే వస్తున్నాయి.

ఫిబ్రవరి 7

ఎనిమిదో సంతకం. పావురాలు క్షేమం.

ఫిబ్రవరి 10

పెద్దక్క దగ్గరికి వెళ్ళాను. రిస్క్ అసెస్‌మెంట్ కోసం అన్నాను. పూర్తిగా అబద్ధం కాదు, ఫారం కూడా నింపి తీసుకెళ్ళాను. ప్రమాదం: పడుట. జరిగే అవకాశం: తప్పక. ఆవిడ చదివి, మడిచి, ఊగకుండా బల్ల కాలి కింద పెట్టింది.

మొదటి పాఠం బ్రేకులు. ఒక్కో బ్రేక్‌కీ ఒక్కటే వేలు. నేను నాలుగేసి వేళ్ళతో పట్టుకుంటున్నాను. ఎవరూ లాక్కుపోరు, వదులు అంది. వదల్లేకపోయాను. నా మూడేసి వేళ్ళని హ్యాండిల్‌కి టేపుతో చుట్టేసింది. ఫోన్ మోగింది. మేనేజర్. ఎత్తలేకపోయాను.

గోడౌన్ లోపల నన్ను సార్ అంటుంది. సైకిల్ ఎక్కగానే తమ్ముడూ అంది. సైకిల్ మీద సార్లు ఉండరట.

ఫిబ్రవరి 16

మోకాళ్ళ కింద అంతా గీతలే. ఈ పెడళ్ళకి పళ్ళుంటాయి. మా ఆవిడ మందు రాస్తూ, మొక్కై వంగనిది మానై వంగుతుందా అంది. వంగడం కాదు, నిలబడటం నేర్చుకుంటున్నా అన్నాను. సరే, భోజనానికైనా హెల్మెట్ తియ్యి అంది. ఉందని మర్చిపోయాను.

ఫిబ్రవరి 24

కదలకుండా నిలబడ్డాను. నాలుగు సెకండ్లు.

మార్చి 3

ఇవాళ పడటం నేర్పింది. పడిపోవడం వేరు, దిగిపోవడం వేరు తమ్ముడూ అంది. సైకిల్ పోతుంటే దాన్ని పోనివ్వాలి. మనం రెండు కాళ్ళ మీద నేల మీద ఉండాలి, అంతే. నిచ్చెన రోజున నేను అలా చెయ్యలేదు. పడుతున్నప్పుడే నిచ్చెనని గట్టిగా పట్టుకున్నాను. దాంతో సహా వచ్చాను.

ముప్పైసార్లు సైకిల్ వదిలేసి గెంతాను. నలభై నాలుగేళ్ళ వయసులో ఇంత సరదాగా ఉంటుందని ఎవరూ చెప్పలేదు. మేనేజర్ కిటికీలోంచి చూసి, ఏదైనా డ్రిల్లా అని అడిగారు. అవునన్నాను. స్టాఫ్ అందరికీ పెట్టమన్నారు.

మార్చి 6

తొమ్మిదో సంతకం. పావురాల గురించి ఈసారి ఎవరూ అడగలేదు. అడిగితే బాగుండేది.

మార్చి 14

పాలెట్ మీద నుంచి దిగాలంటే అంచు దగ్గర పెడల్‌ని ఒక్క తోపు తొయ్యాలి, ముందు చక్రం లేపాలి, బ్రేక్ వదలాలి. వెనక చక్రం మొదట నేలని తాకాలి. ముందు నేల మీదే ప్రాక్టీస్. పెద్దక్క నేల మీద అడ్డంగా టేపు అంటించింది. ఇదే అంచు అనుకో అంది.

టేపు దగ్గరికి వస్తాను. ఆగిపోతాను. పదకొండుసార్లు. ఎత్తు లేదు, గొయ్యి లేదు, చదునైన సిమెంట్ నేల. చక్రం దాటదు. వేలు దానంతట అదే బ్రేక్ నొక్కేస్తోంది. నేల మీద నుంచి నేల మీదకి దిగడానికి భయపడే మనిషిని పాతికేళ్ళలో చూడలేదు అంది పెద్దక్క. తిట్టలేదు, ఆశ్చర్యపోయింది. తిడితేనే నయం.

మార్చి 18, మధ్యాహ్నం 1.20

దొరికింది.

ఆ టేపు పసుపు నలుపు చారలది. ప్రమాదం, దాటరాదు అనే టేపు. గోడౌన్ నిండా ఉన్నది అదే. అక్కడంతా అంటించింది నేనే. పదహారేళ్ళుగా దాన్ని దాటినవాళ్ళకి నోటీసులు రాస్తున్నాను. నా వేళ్ళు చెప్పినమాట వింటున్నాయి, అంతే.

పెద్దక్కకి చెబితే వంగి టేపుని దగ్గరగా చూసింది. తర్వాత ఆగకుండా నవ్వింది. టేపు పీకేసి సుద్దతో గీత గీసింది. మొదటిసారికే దాటాను.

మార్చి 26

నిజం పాలెట్. ఒక్కటే. జానెడు ఎత్తు. ఎక్కి అంచు దాకా వెళ్ళి చూశాను. అంచుకి పసుపు రంగు.

గోడౌన్‌లో ప్రతి పాలెట్ అంచుకీ పసుపు రంగు వెయ్యాలని రెండేళ్ళ కిందట సర్క్యులర్ ఇచ్చింది నేనే. రెండు పూతలు వెయ్యమన్నాను.

ఏప్రిల్ 1

పాలెట్ అంచుల రంగు మారిస్తే ఎలా ఉంటుందని మేనేజర్‌కి నోట్ పెట్టాను. లేత నీలం సూచించాను. నా పాత సర్క్యులర్‌నే జిరాక్స్ తీసి పంపారు. ఇందులో ఆరో పాయింట్ చదవగలరు అని రాశారు. చదివాను. ఏ కారణం చేతనూ రంగు మార్చరాదు, ఇట్లు, నేను. తాను తీసిన గోతిలో తానే పడటం అంటే ఇదే. ఈ గోతి చుట్టూ పసుపు టేపు కూడా ఉంది.

ఏప్రిల్ 8

పెద్దక్క తన లంచ్ బాక్స్ తీసుకెళ్ళి పాలెట్‌కి అవతల, నాలుగు అడుగుల దూరంలో నేల మీద పెట్టింది. నువ్వు రంగుని చూస్తున్నావు తమ్ముడూ, అందుకే అక్కడే ఆగుతున్నావు, చూపు ఎక్కడుంటే చక్రం అక్కడికే పోతుంది, బాక్స్‌ని చూడు అంది. అందులో నా మధ్యాహ్నం భోజనం ఉంది, దాని మీదకి మాత్రం ఎక్కించకు అని కూడా అంది.

బాక్స్‌నే చూశాను. స్టీల్ బాక్స్, మూత మీద చిన్న సొట్ట. తోశాను, లేపాను, వదిలాను. వెనక చక్రం మొదట తాకింది. తర్వాత ముందుది. నేను సైకిల్ మీదే ఉన్నాను. బాక్స్ క్షేమం.

జానెడు ఎత్తు. ఇంటికి వెళ్ళేదాకా నవ్వు ఆగలేదు. మా ఆవిడ ప్రమోషనా అని అడిగింది.

ఏప్రిల్ 10, ఉదయం 10.40

ఏప్రిల్ సంతకం పెట్టాల్సిన రోజు. బైనాక్యులర్ డ్రాయర్‌లోనే వదిలేశాను. ఇనుప నిచ్చెనకి ఇరవై రెండు మెట్లు. పద్నాలుగో మెట్టు దగ్గర ఆగిపోయాను. పైన దూలానికి ఒక బోల్టు ఉంది, దాన్నే చూశాను. ఎక్కేశాను. పది నెలల తర్వాత. గట్టిగా అరవాలనిపించింది.

నాలుగో వరసలో ఒక దూలానికి రెండు చివర్లా పిన్నులు లేవు. ఒక చివర కొక్కెం సగం పైకి లేచి ఉంది. కింద నుంచి ఫోర్క్‌లిఫ్ట్ ఫోర్క్ కాస్త గట్టిగా తగిలితే దూలం ఊడుతుంది, పైన సామాను మొత్తం కిందికి వస్తుంది. పిన్నుల చోట దుమ్ము పేరుకుని ఉంది. ఇవాళా నిన్నా పోయినవి కావు.

కిందికి చూశాను. సరిగ్గా ఆ దూలం కింద పెద్దక్క ఫోర్క్‌లిఫ్ట్ చార్జింగ్‌కి పెట్టి ఉంది. పక్కనే ఆవిడ స్టూల్. వాన వస్తే ఆవిడ భోజనం చేసేది అక్కడే.

అదే రోజు, సాయంత్రం

ఆ వరస ఖాళీ చేయించాను. పిన్నులు బిగించారు. మేనేజర్‌కి మొత్తం చెప్పాను, పావురాలతో సహా. ఆయన రిజిస్టర్ తెప్పించి తొమ్మిది సంతకాలూ చూశారు. తర్వాత, అయితే పావురాలే లేవా అన్నారు.

రిపోర్ట్ నేనే రాశాను. బాధ్యుడు అన్న చోట నా పేరు రాయడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఎక్కి చూడకుండా పెట్టిన సంతకాలు తొమ్మిది అని అంకె వెయ్యడానికి పట్టింది.

ఏప్రిల్ 11

పెద్దక్కకి నేనే చెప్పాలి, ఇంకెవరి నోటా వినకూడదు అనుకున్నాను. లంచ్ టైమ్‌లో వెనక స్థలంలోనే చెప్పాను. చెబుతుండగా మధ్యలో బాక్స్ మూత పెట్టేసింది.

సరే సార్ అంది.

ఏప్రిల్ 13

మా ఆవిడకీ చెప్పాను. బల్బులు ఎందుకు మారుస్తున్నానో నాకు తెలియదనుకున్నావా అంది. అడిగితే సిగ్గుపడతావని అడగలేదట. ఆఫీసులో కూడా ఇదే నడుస్తోందని తెలిస్తే వచ్చి నిచ్చెన పట్టుకునేదాన్ని అంది. తర్వాత లేచి వెళ్ళిపోయింది. కోపం కూడా వచ్చింది, కనబడింది. రెండూ న్యాయమే.

ఏప్రిల్ 21

మెమో వచ్చింది. ఆరు నెలలు నా సంతకం పక్కన ఇంకొకరి సంతకం ఉండాలి. నేనైతే ఇంకా గట్టిగా రాసేవాణ్ణి. స్పెల్లింగ్ తప్పులు కూడా ఉన్నాయి. సరిచెయ్యలేదు.

ఏప్రిల్ 25

పెద్దక్క సైకిల్ గోడకి ఆనించే ఉంటోంది. తాళం వెయ్యదు. లంచ్‌కి మాత్రం అక్కడికి రావడం లేదు. క్యాంటీన్‌లో తింటోంది. నేను ఎదురుపడితే నమస్తే సార్ అంటుంది. పదహారేళ్ళుగా అందరూ అనే మాటే. ఇంత బరువుగా ఎప్పుడూ లేదు.

తాళం వెయ్యలేదంటే తీసుకోమనే అనుకుని తీసుకున్నాను. రెండు పాలెట్లు. చూడటానికి బాక్స్ లేదు. బైనాక్యులర్ పెట్టాను. దిగాను, బాగానే దిగాను, కాకపోతే దాని మీదే. రెండు అద్దాలూ పోయాయి. పెద్దగా బాధ కలగలేదు.

ఏప్రిల్ 29

మే నెల తనిఖీ ఏప్రిల్‌లోనే చేసేశాను. నాలుగో వరసలో పిన్నులు చేత్తో లాగి చూస్తుంటే కింద ఫోర్క్‌లిఫ్ట్ ఆగిన చప్పుడు. అప్పటిదాకా సన్నగా ఊగుతున్న నిచ్చెన ఊగడం ఆగింది. ఎవరో పట్టుకున్నారు. నేను కిందికి చూడలేదు. దిగేసరికి ఎవరూ లేరు.

మే 6

నేల మీద, నాలుగు అడుగుల అవతల, స్టీల్ బాక్స్. పక్కనే స్టూల్ వేసుకుని ఆవిడ.

సంఘటన రిపోర్ట్.
స్థలం: గోడౌన్ వెనక.
ఎత్తు: మూడు పాలెట్లు. మోకాలి దాకా.
పసుపు గీత: దాటడమైనది.
గాయాలు: లేవు.
సాక్షులు: ఒకరు. ఆ క్షణంలో వంగి కింద పడిన చెంచా తీసుకుంటున్నారు.
సాక్షి వాంగ్మూలం: చూడలేదు, మళ్ళీ చెయ్యి తమ్ముడూ.