కాలీఫ్లవర్‌లో నిలిచిన నెయ్యి

మంగళవారం, ఆష్‌బర్న్

అన్నం మానేసిన మా రిటైర్డ్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో రోజూ భోజనానికి ముందు కంచం ఫొటో పెట్టాలి. ఇవాళ మూర్తి పెట్టిన ఫొటోలో, అన్నానికి బదులు మేం తినే కాలీఫ్లవర్ తురుము చూసి నాకు అనుమానం వచ్చింది. మధ్యలో గుంట, దాని నిండా నెయ్యి. మూడు నెలలుగా తింటున్నాను, ఆ తురుములో అన్నంలోలా నెయ్యి నిలవదని నాకు తెలియదా? మూర్తి ముప్పై ఏళ్లు డ్యాములు కట్టినవాడే గానీ, కాలీఫ్లవర్‌తో కట్ట వెయ్యడం ఎవరి తరం?

ఫోన్ చేశాను. "ఏమోయ్, ఆ నెయ్యి కారిపోలేదేం?"

మూర్తి గొంతు తగ్గించి, "గ్రూపులో అనకు గురూ. రేపు లంచ్‌కి వచ్చెయ్, మా ఆవిడ ఉండదు" అన్నాడు.

శుక్రవారం నాకు బ్లడ్ టెస్ట్. ఈసారి షుగర్ తగ్గకపోతే ఇన్సులిన్ తప్పదని డాక్టరమ్మ చెప్పేసింది. అయినా నిజం తేల్చాలి కదా, వెళ్తాను. ఆవకాయ సీసా ఇప్పుడే సంచిలో పెట్టాను.