బయటికి పొక్కిన పేరు

అమ్మకు నమస్కారాలు.

ఇక్కడ పిల్లలు, ఆయన, నేను కులాసా. నీ మోకాలు దారికొచ్చిందని చదివి మనసు కుదుటపడింది. వేళకు తింటున్నానా అని అడిగావు. తింటున్నాను, కాకపోతే ఆఫీసులో నిలబడి.

బిల్లు సంగతీ అడిగావు. కడుపు తీయించుకోవాలంటే మొగుడి సంతకం ఉండాలనే ఆ బిల్లు రాష్ట్ర శాసనసభ కమిటీ ముందుకొచ్చింది. మా సంఘం తరఫున పదకొండుమంది ఆడవాళ్ల వాంగ్మూలాలు ఇచ్చాం. పేర్లు మాత్రం వేరే కవరులో పెట్టి సీలు వేశాం. విచారణకు మూడు వారాల ముందు, ఆ పదకొండుమందిలో నువ్వు మా దగ్గరికి పంపిన దర్జీ ఆవిడకు ఎవరో ఫోన్ చేసి, "నీ సంగతి మీ ఆయనకు తెలుసా?" అన్నారట. ఆవిడ నా బల్ల ముందు కూర్చుని చాలాసేపు ఏడ్చింది.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టుకుందామనుకున్నాను. మా టైపిస్టు మరిది, బిల్లు తెచ్చిన సభ్యుడి కారు నడుపుతాడు. నాకు అది చాలింది. ఆమెకు కాగితాలివ్వడం మానేశాను. ఆమె గదిలోకొస్తే మాట మార్చేదాన్ని. ఒకరోజు బీరువా తాళంచెవి నా ముందు పెట్టింది.

"అనుమానముంటే అడగండి మేడం. అడక్కుండా అలా చూడకండి."

నేను తాళంచెవి తీసి నా సొరుగులో వేసుకున్నాను. మర్నాటి నుంచి ఆమె రాలేదు.

తర్వాత మా ప్లీడరు కమిటీ ఆఫీసులో ఫైలు తెప్పించుకుని చూస్తే, సీలు ఊడదీసి ఉంది. అక్కడి గుమాస్తా ఒకడు ఆ పేర్ల జాబితా నకలు తీసి సభ్యుడి మనుషులకు ఇచ్చాడని తేలింది. టైపిస్టు ఇంటికెళ్లి క్షమించమన్నాను. మంచినీళ్లిచ్చింది, సోమవారం వస్తానంది. తాళంచెవి మాత్రం వద్దంది.

విచారణకు ఏడుగురు రాలేదు. దర్జీ ఆవిడ వచ్చింది. పక్కన మొగుడు. తనే అంతా చెప్పేసిందట అతనికి. మైకు ముందు నిలబడి, "నా పేరు ఫోన్లో ఎవరో చెప్పడమెందుకు, నేనే చెబుతాను," అని చెప్పింది. బిల్లు వచ్చే సమావేశాలకు వాయిదా పడింది. ప్లీడరు గెలిచామంటున్నాడు. నాకు నమ్మకం లేదు.

రెండు నెలలుగా ఉత్తరం ఎందుకు రాయలేదన్నావు. పని ఒత్తిడి అని రాసి కొట్టేశాను. ఆ సభ్యుడి అక్కా నువ్వూ ఒకే వార్డులో నర్సులుగా చేశారు, ఇప్పటికీ సాయంత్రాలు కలిసి నడుస్తారు. అమ్మా, నేను మొదట అనుమానించింది టైపిస్టును కాదు, నిన్ను. నీ పాత ఉత్తరాలన్నీ తీసి, దర్జీ ఆవిడ గురించి ఎక్కడెక్కడ అడిగావో వెతికాను. "ఆ పిల్ల ఎలా ఉంది?" అని ఒకచోట రాశావు. దాన్ని కూపీ లాగడమనుకున్నాను.

కోప్పడాలనిపిస్తే కోప్పడు, మౌనంగా మాత్రం ఉండకు. ఇంకొకటి, ఈ కవరు అంటించిన చోట చిరిగి ఉంటే తప్పకుండా రాయి.

ఇట్లు,
కన్నతల్లిని కూడా నమ్మలేకపోయిన
నీ చిన్నకూతురు