అవ్వ మానేసిన సంగటి

కర్నూలు, సోమవారం రాత్రి

అవ్వకు రాగి సంగటి మాన్పించి, పూటపూటా మిల్లు బియ్యం అన్నమూ చారూ పెట్టి నాయన అన్యాయం చేశాడు. పొద్దున అవ్వ నన్ను చూసి, "నువ్వు ఎవరింటి పిల్లోడివప్పా? అన్నం తిన్యావా?" అంది. నన్ను పెంచిన అవ్వ!

బజారులో పంచుతున్న ఆరోగ్య కరపత్రం తెచ్చి నాయన ముందు విసిరాను. తవుడు పోయిన బియ్యమే తింటే ముసలివాళ్ల నరాలూ జ్ఞాపకమూ క్షీణిస్తాయని అందులో ఉంది. నాయన నవ్వాడు.

"ఏమప్పా, యాభైమూడులో కర్నూలు రాజధాని అయిన దినం ఎగిరింది నువ్వేగదా? 'రాజధానోళ్లం, ఇంగా కూలోళ్ల సంగటేనా' అంటివి. ఆ పొద్దే అవ్వ సంగటి కుండ బోర్లించె."

విసిరిన కరపత్రం ఏరుకున్నాను. ఆ రోజు ఊపు కూడా రాజధాని గురించిన ఇంకో కరపత్రం చదివి వచ్చిందే.

ఇప్పుడు రాగులు, ఆకుకూరలు పెడితే పోయిన జ్ఞాపకం తిరిగొస్తుందా? కరపత్రంలో ఆ సంగతి లేదు. అంతా వయసు వల్లేనేమో. కాకపోతే?

రేపు సంగటి నేనే కెలుకుతాను. ఉడికిందో లేదో, ఇన్నేళ్లు కెలికిన అవ్వే చెప్పాలి. చెప్పలేకపోతే...

నాయన, అమ్మ, నేను, అవ్వ. పొద్దున ఏడు గంటలకు అందరమూ పొయ్యి దగ్గర ఉండాలి.