పినాంగ్ వీసా, గయ పిండం

2005, ఆదివారం రాత్రి

మా ఇద్దరికీ మలేషియాలో ఉండిపోయే వీసా వచ్చేసింది! మేమిక్కడ కట్టే అద్దెకు అక్కడి పినాంగ్‌లో సముద్రం కనబడే ఇల్లు వస్తుందని కూతురు పద్మ చెప్పినప్పటి నుంచి నా కాలు నేల మీద నిలవడం లేదు. బళేపేటలో జీవితమంతా గాజులమ్మిన నేను, నా భార్య రుక్మిణి, ఇక సముద్రపు గాలికి కూర్చుంటాం!

ఈ సంతోషం పంచుకుందామని ఆనేకల్ నుంచి తమ్ముణ్ణి పిలిచాను. మైసూరుపాకు తింటూ తింటూ వాడన్న మాట ఇది.

"నీకు కొడుకు లేడన్నా. ఆ దేశంలో పోతే పిండం పెట్టేదెవరప్పా? ముందు గయకు పోయి మీ పిండాలు మీరే పెట్టుకోండి. ఆమీద యాడికైనా పోండి."

"నేనింకా బతికే ఉండానురా!" అని అరిచి, వాడి చేతిలో పళ్ళెం లాక్కున్నాను. ఇంతమంచి రోజున నా ఇంట్లో కూర్చుని ఆ మాటా? నా పద్మ ఉండగా నాకెవరూ లేరా? వాడు వెళ్ళిపోయినా నా కోపం పోలేదు.

దానికి తోడు రుక్మిణి తీరు. నేను అరుస్తుంటే ఒక్క మాట సాయం రాలేదు. వాడి మాటకు భయపడి ప్రయాణం మానుకుంటుందేమో అనిపించింది. తను రానంటే నాకు పినాంగ్ దేనికి? చివరికి నేనే దిగివచ్చాను.

"సరే, నీకంత భయమైతే గయకే పోదాం. పిండాలు పెట్టుకున్నాకే విమానం ఎక్కుదాం" అన్నాను, కోపంగానే.

రుక్మిణి సూట్‌కేసులో చీరలు సర్దుతూ తలెత్తలేదు.

"మీరు పెట్టుకోండి. నేను ఆడికి బతకడానికి వస్తా ఉండాను" అంది.