పదో జట్టు ఎవరిది

పెన్సిల్వేనియా రాష్ట్రం, ఈరీ పట్టణం, తూర్పు పన్నెండో వీధిలో కాపురముంటున్న నార్బర్ట్ డోంబ్రోస్కీ అనే నేను, కీర్తిశేషులు స్టానిస్లావ్ డోంబ్రోస్కీ కుమారుణ్ణి, వయస్సు అరవై తొమ్మిది, హైస్కూలు బేస్‌బాల్ ఆటలకు అంపైరుగా చేసి విరమించినవాణ్ణి, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా, నా చేతులారా రాసుకుంటున్న వీలునామా ఇది. బుద్ధి స్థిమితంగానే ఉంది. స్థిమితం లేనిదల్లా కాళ్లకే. ఈ నాలుగు ముక్కలు రాసేలోపు ఎన్నిసార్లు లేచి కిటికీ దాకా వెళ్లొచ్చానో నాకే తెలియదు. సరస్సు మీంచి మంచు కురుస్తూనే ఉంది.

మంగళవారం నా గుండె కోసి కవాటం మారుస్తారు. డాక్టరమ్మ "భయపడాల్సిందేం లేదండీ, మేం రోజూ చేసేదే" అంది. రోజూ చేసేది ఆవిడ. నాకిదే మొదలు. భయంగానే ఉంది.

ఇంతకుముందు నేను రాసిన వీలునామాలు ఏవైనా బయటపడితే అవి చెల్లవు. పోయిన వారం రాసి చించేసినవి కూడా ఇందులోకే వస్తాయి.

1. నా స్వార్జితమైన ఇల్లు, అందులోని సామానుతో సహా, నా తదనంతరం మేనకోడలు పాటీకి చెందవలసినది. అమ్ముకున్నా ఉంచుకున్నా ఆమె ఇష్టం. మంచు కరిగే రోజుల్లో నేలమాళిగలోకి నీళ్లొస్తాయి. పంపు పనిచేస్తుంది, కాకపోతే రెండు తన్నాలి.

2. నా కళ్లజోడు కోచ్ డెలూకా గారికి. నేను అంపైరుగా ఉన్నంత కాలం ఆయన నన్ను గుడ్డివాడనే పిలిచాడు. ఇకనైనా పెట్టుకుని చూడమనండి, ఆ రోజు ఆయన కొడుకు అవుటే.

3. అంపైరు ముసుగు, ఛాతీ కవచం ఎవరికీ ఇవ్వను. పెట్టెలో నాతోనే పెట్టండి. ఈ మాట కూడా ఇందాకే అనుకున్నాను, రేపటికి మారొచ్చు.

4. ఈ వీలునామాకు అమలుకర్తగా సెలూన్ నడిపే నా స్నేహితుడు గస్ ఫెరాంటేను నియమిస్తున్నాను. గస్ నిజాయితీ గలవాడు, నిదానస్తుడు. లీగ్‌లో ఆటగాణ్ణి ఎంచుకునే వంతు వస్తే తెల్లారేదాకా ఆలోచిస్తాడు. గుడ్లు ఉడకబెట్టేటప్పుడు వాడే గంట నా వంటింట్లో ఉంది. రెండు నిమిషాలకు మోగుతుంది. అది గస్‌కు ఇస్తున్నాను, ప్రేమతో.

5. ఇక అసలు ఆస్తి. ఇది చదవబోయే జడ్జిగారికి బేస్‌బాల్ తెలిసినా మా లీగ్ తెలియకపోవచ్చు కనుక వివరిస్తున్నాను. మేము పదిమందిమి. ఒక్కొక్కరికి కాగితం మీద ఒక జట్టు. నిజం ఆటగాళ్లు ఎక్కడో మైదానాల్లో ఆడతారు, వాళ్లు సాధించిన అంకెలు మా జట్ల ఖాతాలో పడతాయి. ఏటా మార్చిలో ఒక శనివారం మా పేట క్లబ్బు వెనక గదిలో కూర్చుని, బంగాళాదుంప కూరిన పోలిష్ కుడుములు, పియెరోగీలు తింటూ, ఒకర్నొకరు తిట్టుకుంటూ వంతులవారీగా ఆటగాళ్లను ఎంచుకుంటాం. నిరుడు అట్టడుగున ఉన్నవాడిది మొదటి వంతు. మాది ఉంచుకునే లీగ్. అంటే నిరుటి జట్టులోంచి కొందర్ని ఈ ఏటికి అట్టిపెట్టుకోవచ్చు, మిగతావాళ్లను ఉమ్మడి గంపలోకి వదలాలి. ఎవర్ని ఉంచుకోవాలి, ఎవర్ని వదలాలి అన్నదాని మీద మా స్నేహాలు నడిచాయి, కొన్ని చెడిపోయాయి.

ఈ లీగ్‌కు మొదటినుంచీ పెద్దను నేనే. రూల్సు నా తలలోనే ఉండిపోయాయి. తలను నమ్ముకునే రోజులు కావు కనుక రాసిపెడుతున్నాను:

ఒక్కొక్కరు నలుగురికి మించి ఉంచుకోరాదు. ఎవర్నీ మూడేళ్లకు మించి ఉంచుకోరాదు. ఉంచుకునేవారి పేర్లు ఎంపిక ముందు గురువారంలోగా చెప్పాలి, చెప్పని పక్షంలో జట్టంతా గంపలోకి పోతుంది. కొత్త సభ్యుణ్ణి చేర్చుకోవాలంటే మిగతా అందరూ ఒప్పుకోవాలి, సభ్యుడి రక్తసంబంధికి మాత్రం ఆ ఓటు అక్కర్లేదు. వారం వారం ఇద్దరిద్దరం తలపడతాం కనుక జట్లు పది ఉండాలి. తొమ్మిదైతే వారానికొకరు పోటీ లేకుండా గోళ్లు గిల్లుకోవాలి. పదోవాడు లేని ఏడాది లీగ్ రద్దయినట్టే.

ఈ చివరి రూలు నేనే పెట్టాను. నా కుర్చీయే ఖాళీ అవుతుందని ఆ రోజు తోచలేదు. ఇద్దరు ముసలాళ్లు ఇప్పటికే "చాల్లే ఇక" అంటున్నారు. గస్ కొత్తవాడెవడినీ ఒప్పుకోడు, వాడి సంగతి నాకు తెలుసు. వచ్చే శనివారం ఆ కుర్చీలో నా రక్తం పంచుకున్న మనిషి కూర్చోకపోతే, ఇన్నేళ్ల బల్ల ఇక ఉండదు. పాటీకి బేస్‌బాల్ అంటే తలనొప్పి. మిగిలింది పాటీ తల్లి, మా అక్క ఐరీన్ ఒక్కతే. ఆమె నాతో మాట్లాడి ఎనిమిదేళ్లయింది.

6. కారణం రాయకపోతే గస్ తన పద్ధతిలో చెప్పుకుంటాడు, అందుకని నేనే రాస్తున్నాను. ఐరీన్ లీగ్‌లో మొదటినుంచీ ఉంది. పోస్టాఫీసులో ఉత్తరాలు విడదీసే పని చేస్తూ, చిన్న లీగుల్లో ఆడే కుర్రాళ్ల గురించి మా అందరికంటే ఎక్కువ తెలుసుకునేది. లైల్ బెక్‌స్ట్రమ్ అనే, ఎడమచేత్తో బంతి విసిరే పిచ్చర్‌ను మీసాలు రాని వయసులోనే పట్టుకుంది. వాడి బంతి ఆమెకు తప్ప ఎవరికీ ఆనలేదు. వాడు పెద్ద లీగ్‌కు వచ్చేదాకా ఏళ్ల తరబడి జట్టులో ఒక చోటు దండగ చేసుకుని మరీ మోసింది. మేమంతా నవ్వాం. తర్వాత వాడు మమ్మల్ని అందర్నీ ఏడిపించాడు, ఐరీన్ కప్పు మీద కప్పు పట్టుకుపోయింది.

అప్పటిదాకా ఎంతకాలమైనా ఉంచుకోవచ్చు. దాంతో మంచివాళ్లంతా ముగ్గురి దగ్గరే పోగుపడి, కింద ఉన్నవాళ్లు మానేస్తామన్నారు. నేను మూడేళ్ల రూలు పెట్టాను. రూలు మంచిదే, ఇప్పుడూ అంటాను. ఐరీన్ కూడా కాదనలేదు. "రూలు మంచిదేరా. ఇవాళ్టినుంచి ఎంచుకునేవాళ్లకి పెట్టు. గుడ్డు పెట్టినప్పట్నించీ పొదిగి, తీరా పిల్ల ఎగిరే వేళకి గంపలో పడెయ్యమంటే ఎలారా నార్బీ?" అంది. ఓట్లు లెక్కపెట్టాను. ఆరుగురు నా వైపు. "రూలంటే రూలే అక్కా, పాతవాళ్లకీ కొత్తవాళ్లకీ ఒకటే" అన్నాను.

బెక్‌స్ట్రమ్ గంపలోకి వచ్చాడు. ఆ ఏడు మొదటి వంతు నాది. మొదట ఎవర్ని పిలిచానో చెప్పనక్కర్లేదు. ఆ చోట ఎవరున్నా అతణ్ణే పిలిచేవాళ్లు, జడ్జిగారూ. ఐరీన్ పెన్సిల్ బల్ల మీద పెట్టి, కోటు వేసుకుంది. "కప్పు గెలుచుకోరా. నీకు బాగా అవసరంలా ఉంది" అని వెళ్లిపోయింది. ఆమె కుర్చీలోకి పళ్ల డాక్టరు ఒకాయన వచ్చాడు, గస్ ఒప్పుకున్న ఆఖరి కొత్తవాడు ఆయనే. కప్పు నేనే గెలిచాను, అదే మొదలు, అదే ఆఖరు. దాన్ని కళ్లబడకుండా నేలమాళిగలో పెట్టాను. కప్పు లీగ్‌కే చెందవలసినది, నాకొద్దు.

7. నా జట్టును, సర్వహక్కులతో, నా అక్క ఐరీన్ కోవాల్‌చిక్‌కు ఇస్తున్నాను. ఆమె స్వయంగా క్లబ్బుకు వచ్చి, అందరి ఎదుట "నార్బర్ట్ జట్టు నాకు కావాలి" అని అడగవలసినది. అడగని పక్షంలో హక్కు పోతుంది.

8. ఏడో నిబంధన ఇప్పుడే మళ్లీ చదివాను. ఐరీన్ అలా అడగదు. మా అమ్మ పోయినప్పుడు అమ్మ ఉంగరం కూడా అడగలేదు, పిన్ని తీసుకుంటే చూస్తూ ఊరుకుంది. కనుక అడగనక్కర్లేదు, ఫోన్ చేసి "సరే" అంటే చాలు. ఆ "సరే" గస్‌తో అనాలి.

గస్‌తో కూడా అనదు. వాడు ఆ రోజు నా వైపు ఓటేశాడు. సరే, ఫోనూ అక్కర్లేదు. గస్ ఆమె ఇంటికి వెళ్లి అడుగుతాడు. కాదనకుండా తలుపు తెరిచిందంటే ఒప్పుకున్నట్టే. మైదానంలో ఒకసారి చెయ్యెత్తి ఇచ్చిన తీర్పును నేనెప్పుడూ మార్చలేదు. ఈ ఉదయం ఒక్క కాగితం మీదే ఎన్ని మార్చానో చూస్తే కోచ్ డెలూకా పండగ చేసుకుంటాడు.

9. లీగ్ రూల్సులో ఇది చేర్చవలసినది: ఇకపై ఏ కొత్త రూలు పెట్టినా అది పెట్టిన నాటినుంచి ఎంచుకున్న ఆటగాళ్లకే వర్తిస్తుంది, అప్పటికే ఎవరి చేతిలో ఉన్నవాళ్లు పాత రూలు ప్రకారమే ఉంటారు. దీన్ని చూసి నేనేదో తప్పు ఒప్పుకున్నానని ఎవరూ అనుకోరాదు.

10. గురువారంలోగా నాకు స్పృహ ఉంటుందో లేదో తెలియదు కనుక నేను ఉంచుకునే నలుగురి పేర్లు ఇక్కడే చెబుతున్నాను. మొదటి ముగ్గురి పేర్లు గస్ దగ్గర ఉన్నాయి, వాటి మీద వాదన లేదు. నాలుగోవాడు లైల్ బెక్‌స్ట్రమ్.

గస్ నవ్వుతాడని తెలుసు. నిరుడు ఆగస్టులో నేను అతణ్ణి గంపలోంచి మళ్లీ తెచ్చుకున్నప్పుడు సెలూన్లో అందరూ నవ్వారు. "ఒరేయ్ నార్బీ, వాడి మోచెయ్యి రెండుసార్లు కోసి కుట్టార్రా. వాడి బంతిని మా అమ్మమ్మ కూడా కొడుతుంది" అన్నాడు గస్. అప్పుడు ఎందుకో చెప్పలేదు. ఐరీన్ ఎప్పటికైనా తిరిగొస్తే, ఆమె మనిషి ఆమెకు దొరకాలని ఉంచాను. పాటీ చెప్పింది, ఆమె ఇప్పటికీ వంటింట్లో రేడియో పెట్టుకుని ఆట వింటుందట. అతని పేరు వస్తే గరిటె ఆపుతుందట.

11. పైన చెప్పినవన్నీ అయ్యాక కూడా ఐరీన్ తలుపు తీయని పక్షంలో నా జట్టు

రాయలేకపోతున్నాను. గంట నుంచి ఈ వాక్యం దగ్గరే ఉన్నాను. ఆమె తలుపు తీయకపోతే లీగ్ ఏమవుతుందో రాయగలను, నా సంగతే తోచడం లేదు. చచ్చాక గస్‌ను పంపి అడిగించేదేదో నేనే వెళ్లి అడగొచ్చు కదా. బండి మీద మంచు గీకాలి. కాగితాలు తీసుకెళుతున్నాను.

12. ఈ నిబంధన ఐరీన్ ఇంట్లో, ఆమె వంటింటి బల్ల మీద రాస్తున్నాను. తలుపు తీసింది. "బూట్లు బయట దులుపుకుని రా" అంది. ఎనిమిదేళ్ల తర్వాత మొదటి మాట అదే. నేను కాగితాలు చేతికిచ్చాను. పెన్సిల్ చెవి మీద పెట్టుకుని నిలబడే చదివింది. ఆరో నిబంధన దగ్గర ముక్కుతో ఒక చప్పుడు చేసింది. తొమ్మిదో నిబంధన రెండుసార్లు చదివి, "దీనికి ఇన్నేళ్లు పట్టిందిరా నీకు" అంది. తప్పు ఒప్పుకోవడం లేదని నేను గుర్తుచేశాను. "నిన్నెవడు ఒప్పుకోమన్నాడు" అంది.

పదో నిబంధన దగ్గర కూర్చుంది. నేను ఆమె మొహం చూడలేక బీట్‌రూట్ సూప్ గిన్నె వైపు చూశాను. "బుద్ధి స్థిమితంగా ఉందని పైన రాశావు. మరిదేంట్రా?" అంది. "నువ్వు అంపైరువి, నీకు తెలీదు. ఎవరూ అడగని మనిషిని దాచుకోడానికి ఒక చోటు తగలేస్తావా? బెక్‌స్ట్రమ్‌ని గంపలోకి వదిలెయ్. శనివారం చివరి వంతులో నేనే పిలుస్తాను. అప్పటిదాకా వాణ్ణెవడూ ముట్టడు" అని అతని పేరు కొట్టేసి, నికో బరాండా అని రాసింది. నిరుడు గాయపడ్డవాడి చోటు నింపడానికి తెచ్చి నేను మరిచిపోయిన కుర్రాడు. వాడి బ్యాటింగ్ గురించి పది నిమిషాలు చెప్పింది. నాకు ఏడుపొచ్చింది. ఆమె చూడనట్టు సూప్ వేడి చేసింది.

మంగళవారం ఆస్పత్రికి ఐరీనే తీసుకెళుతుంది. "గస్ బండి నడిపితే దారిలోనే ఈ వీలునామా అమల్లోకొస్తుంది" అంది. శనివారం నా కుర్చీలో కూర్చుంటానంది. "ఒకవేళ బతికి బయటపడ్డావనుకో, కుర్చీ వెనక్కిమ్మని రాకు. పక్కన కూర్చుని పియెరోగీలు అందించు" అంది.

13. కనుక ఏడు, ఎనిమిది, పదకొండు నిబంధనలు రద్దు. నా జట్టు నా మరణం కోసం ఆగవలసిన పని లేదు. అది ఈ రోజునుంచే, నేను బతికుండగానే, ఏ షరతూ లేకుండా ఐరీన్‌కు దఖలు పరుస్తున్నాను. దాని మీద నాకు గాని, నా తరఫువారికి గాని ఇకమీదట ఎలాంటి హక్కూ లేదు, సలహా చెప్పే హక్కుతో సహా. మిగిలినవి మాత్రం నేను పోయాకే.

కొట్టివేతలు, దిద్దుబాట్లు: పదో నిబంధనలో ఒక పేరు కొట్టివేత. కొట్టినది నేను కాదు, మా అక్క. నా ఎదుట, నా పూర్తి సమ్మతితో కొట్టింది.

ఈరీ, 2019 మార్చి 17, ఆదివారం.

(సంతకం) నార్బర్ట్ డోంబ్రోస్కీ

సాక్షులు:
1. గస్ ఫెరాంటే, ఫోన్ చేస్తే అంట్లు తోమడం ఆపి వచ్చినవాడు
2. హెలెన్ సోబ్‌చక్, ఐరీన్ పక్కింటావిడ