నువ్వు రంగులేసిన ఊళ్లో నా ఆఖరి ఆట

బాపూ,

నువ్వు పోయి ఏడాదయింది. ఈసారి మా రిథమిక్ జిమ్నాస్టిక్స్ పోటీలు నువ్వు గోడలకు రంగులేసిన దుబాయిలోనే జరిగాయి. అక్కడ నీతో ఒకే గదిలో ఉన్న మెట్‌పల్లి రాజన్న కాక, దోస్తులతో కలిసి సెలవు పెట్టుకుని నా ఆట చూడటానికి వచ్చాడు.

ఆట మధ్యలో, గాల్లో తిప్పుతున్న నా రిబ్బన్ ముడిపడింది. అది విప్పుకునేలోగా సంగీతం సగం దాటిపోయింది. చివరి స్థానంలో మిగిలాను. అయినా కాక, ఆయన దోస్తులంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

"మీ బాపు ఫోన్ల నీ ఆట మాకు సూపియ్యని రోజే లేదు బిడ్డా," అన్నాడు కాక. "ఫికర్ చెయ్యకు, మల్లొచ్చేసారి గెలుస్తవ్."

తలూపాను. మోకాలు పాడైందనీ, డాక్టర్ ఇక ఆడొద్దన్నాడనీ ఆయనకు చెప్పలేకపోయాను. నువ్వు ఒక్కసారైనా ఎదురుగా కూర్చుని చూడకుండానే నా ఆట అయిపోయింది, బాపూ.