మూడో రౌండులో ఆగిన బొమ్మ

చిట్టితల్లికి,

నాన్న ఆశీస్సులు. అక్కడ నువ్వు ఒంట్లో బాగుండి, వేళకు తింటున్నావని తలుస్తాను. ఇక్కడ అమ్మ కులాసా. నేనూ కులాసాయే, ముందు పన్ను ఒకటి లేదు, అంతే. ఆ సంగతి తర్వాత రాస్తాను.

శిక్షణ అయ్యేదాకా మీ కోచ్ ఫోన్లన్నీ తీసుకుని తాళం వేసుకోవడం ఒకందుకు మంచిదే. ఫోనులో అయితే ఈ మాటలు నా నోట వచ్చేవి కావు. ముందు నువ్వడిగినవాటికి జవాబులు. అమ్మ మోకాలు నొప్పి తగ్గింది. మెట్లెక్కుతోంది, నన్ను తిట్టేటప్పుడు ఆయాసం కూడా రావడం లేదు. నిక్కరు నడుము వదులైందన్నావు కదా, పంపించు, ఎలాస్టిక్ మార్చి కుడతాను. పార్సిలు మాత్రం కొట్టుకు పంపు. నువ్వు బరువు తగ్గావని తెలిస్తే మీ అమ్మ బస్సెక్కి వచ్చేస్తుంది.

ఇక మిగిలింది ఒక్కటే. "మూడో రౌండు చూశావా నాన్నా? అందరూ ఏదో ఒకటి అన్నారు, నువ్వే ఏమీ అనలేదు" అని రెండు ఉత్తరాల్లోనూ అడిగావు. ఈ ఉత్తరం దానికోసమే.

నీ బాక్సింగ్ పోటీ ఇంటర్నెట్ టీవీలో తప్ప మరెక్కడా రాదని తెలిసినప్పటినుంచి ఇంట్లో అందరికీ అదే పని. వైఫై డబ్బా ముందు కొట్టులో, టీవీ నడింట్లో, మధ్యలో నా బట్టల ఇనప బీరువా. బొమ్మ కాస్త కదలడం, ఆగడం, మధ్యలో చక్రం గిరగిరా తిరగడం. "ఇదేంటన్నయ్యా, ఎత్తిన చెయ్యి దించడానికి పూట పడుతోంది!" అని మీ బాబాయి టీవీ నెత్తిమీద మొట్టాడు కూడా. చివరికి పక్కవీధి కేబులాయన్ని పిలిచాను. ఆయన బీరువా తలుపు తట్టి నవ్వాడు.

"మీ ఇంటర్నెట్‌కేం రోగం లేదు టైలర్ గారూ. ఈ ఇనుము దాటలేక చస్తోంది. గాలిని నమ్ముకోవద్దు, నేరుగా టీవీకే వైరు లాగేద్దాం."

కొట్టు గోడకు కన్నం వేసి, గుమ్మం పక్కనుంచి మేకులు కొట్టుకుంటూ వచ్చి, టీవీ వెనక ఆ వైరు పిన్ను టిక్కుమని బిగించాడు. ఆ సాయంత్రం ఎవరిదో ఆట పెట్టుకుని చూశాం. ఒక్కసారి కూడా ఆగలేదు. "అమ్మాయి పోటీ రోజు నేను మా ఇంట్లో చూస్తాను. ఏదైనా తేడా వస్తే కేకెయ్యండి, పరిగెత్తుకొస్తా" అని వెళ్ళాడు.

ఆ ఆదివారం సాయంత్రం మీ బాబాయి, పిన్ని వచ్చారు. నేను టీవీ పక్కనే గోడవార కుర్చీ వేసుకున్నాను. మొదటి రౌండులో నువ్వు ఆ పొడుగమ్మాయి పక్కటెముకల మీద రెండు వేసినప్పుడు బాబాయి వేసిన కేకకు వీధిలో కుక్కలు లేచాయి. రెండో రౌండులో ఆమె ఎడమ చెయ్యి నీ ముక్కు మీద దిగింది. రక్తం పెదవి మీదుగా జారి నేను కుట్టిన నీలం బనీనులోకి ఇంకింది. ఏ బట్ట ఎంత పీలుస్తుందో నాకు తెలుసమ్మా. ఆ మరక పెరుగుతుంటే కొలుస్తూ కూర్చున్నాను.

మూడో రౌండులో నిన్ను తాళ్ళ దాకా తరిమింది. కడుపులో ఒకటి, మళ్ళీ ఒకటి. నువ్వు వంగావు. వంగినదాన్ని గడ్డం కింద కొట్టింది. నీ తల వెనక్కి విరిగినట్టయింది. మోకాళ్ళ మీద పడి, చేతుల మీదికి ఒరిగావు. రెఫరీ వేళ్ళు చూపిస్తూ లెక్క మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు.

బొమ్మ ఆగిపోయింది. చక్రం తిరుగుతోంది.

మీ బాబాయి స్టూలును తన్నాడు. ఫోను తీసి కేబులాయన్ని బూతులు తిట్టాడు. పాపం ఆయన నీ పోటీ మధ్యలో వదిలేసి, చెప్పులు కూడా లేకుండా పరిగెత్తుకొచ్చాడు. టీవీ వెనక్కి వంగి చూసి, వైరు చేత్తో పట్టుకుని లేచాడు.

"పిన్ను ఊడిందండీ. దానంతటది ఊడేది కాదిది. ఎవరో లాగారు."

"మా ఇంట్లో వాళ్ళ మీదికి తోస్తావురా?" అన్నాడు బాబాయి. అనడమూ కొట్టడమూ ఒకేసారి. మొదటి దెబ్బకే ఆయన కళ్ళజోడు ఎగిరిపోయింది. రెండో దెబ్బకు ఎండుకర్ర విరిగిన చప్పుడు. కింద పడ్డవాణ్ణి జుట్టు పట్టుకుని తల గోడకేసి కొట్టాడు. అమ్మా పిన్నీ చెరో చెయ్యి పట్టుకుని లాగినా ఆగలేదు. ఆయన నోట్లో రక్తంతో నా వైపే చూస్తూ, "తప్పు నాది కాదండీ, మీరైనా చెప్పండి" అన్నాడు. నేను చెప్పలేదు. అక్కడ రెఫరీ ఎవరూ లేరు చిట్టితల్లీ. వీధిలోవాళ్ళు వచ్చి విడదీసేదాకా కొట్టాడు.

ఆ వైరు లాగింది నేను.

ఊరికే లాగితే రాదది. పిన్నుకు చిన్న నాలుక ఉంటుంది, దాన్ని బొటనవేలితో నొక్కి లాగాలి. నొక్కే లాగాను. రెఫరీ మూడు అన్నాక నాలుగు వినలేకపోయాను. నువ్వు లేవకపోతే అది నా కళ్ళతో చూడకూడదనుకున్నాను. లేస్తావన్న నమ్మకం ఆ క్షణంలో నాకు లేకపోయింది.

మర్నాడు పొద్దున అమ్మ గోడ మీది రక్తం తుడుస్తుంటే వెళ్ళి చెప్పాను. తడిగుడ్డ నా మొహాన కొట్టింది. "ఆయన నిజం చెబుతుంటే మీరు పక్కనే ఉన్నారు" అంది. అక్కడినుంచి బాబాయి దగ్గరికెళ్ళాను. "నా చేత ఊరికే వాణ్ణి కొట్టించావా!" అని పిడికిలితో గుద్దాడు. పన్ను అక్కడే రాలింది. నేను చెయ్యి అడ్డం పెట్టలేదు.

కేబులాయన ఆసుపత్రినుంచి వచ్చాక వాళ్ళింటికి వెళితే వాళ్ళావిడ గుమ్మంలోనే ఆపింది. నేను చెప్పినదంతా విన్నది. "మీ తమ్ముడు కొట్టిన దెబ్బలు డాక్టరు చూశాడు. మీరు నోరు మూసుకుని కొట్టిన దెబ్బ ఎవరికి చూపించుకోవాలి?" అంది. లోపల ఆయన మంచం మీద ఉన్నాడు. విరిగిన దవడకు తీగలు కట్టారు. పళ్ళ సందునుంచే అడిగాడు: "సాక్ష్యం చెప్తారా?"

చెబుతానన్నాను. ఆయనతోపాటు పోలీస్ స్టేషన్‌కు వెళ్ళి చూసినదీ చేసినదీ చెప్పాను. మీ బాబాయిని పట్టుకెళ్ళారు. బెయిలు మీద వచ్చిన రోజే కొట్టు అద్దం బద్దలుకొట్టి, నా కుట్టుమిషను ఎత్తి వీధిలో పడేశాడు. "కోర్టు మెట్లెక్కావంటే నీ వేళ్ళు విరుస్తా. సూది ఎలా పడతావో చూస్తా" అన్నాడు. నేను చెయ్యి పట్టుకుని నడిపించిన తమ్ముడు. ఉత్త బెదిరింపు కాదని వాడి కళ్ళు చూస్తే తెలిసింది. పిన్ని మనింటి ముందునుంచి వెళ్ళడం మానేసింది. ఇదీ ఇంటి పరిస్థితి. నీ ఆట చెడకూడదని అమ్మ ఇవన్నీ నీకు రాయొద్దంది. కానీ నువ్వు అడిగినదానికి అబద్ధం రాయలేను.

నిన్న అమ్మ నన్ను టీవీ ముందు కూర్చోబెట్టి నీ పోటీ మళ్ళీ పెట్టింది, మొదటినుంచి. మూడో రౌండు వచ్చేసరికి నా పక్కన కూర్చుని మణికట్టు గట్టిగా పట్టుకుంది. నాలుగు అన్నాడు. అయిదు అన్నాడు. నువ్వు నేల మీద అరచెయ్యి ఆనించావు. ఏడు దగ్గర ఒక కాలు మడిచి, తాళ్ళు కూడా పట్టుకోకుండా, ఎనిమిదికి నిలబడ్డావు. మళ్ళీ కొట్టించుకున్నావు. మళ్ళీ కొట్టావు. గంట మోగేదాకా వెనక్కి తగ్గలేదు. చివరికి పాయింట్లలో ఓడిపోయావు, ఆమె చెయ్యి పైకెత్తారు. అదీ చూశాను.

కోర్టు వాయిదా వచ్చే నెలలో. మీ బాబాయి ఎదురుగానే నిలబడి ఉంటాడు. నాకు భయంగా ఉందమ్మా. ఆ మూడుకూ ఎనిమిదికీ మధ్య కింద పడి ఉండి ఏమనుకున్నావో, ఏమనుకుని లేచావో నాకు రాయి. వాయిదాకు ముందే అందేలా రాయి.

ఇట్లు,
మూడో రౌండు ఆలస్యంగా చూసిన
మీ నాన్న